లెవెల్ నాబ్ లేని ట్రెమోలో కొనకండి

చిన్నప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని "ఆఆఆ" అని అరవనివాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? గొంతు ముక్కలు ముక్కలై రోబోలా వినిపిస్తుంటే భలే సరదాగా ఉండేది. ఎలక్ట్రిక్ గిటార్‌కి దాదాపు అదే పని చేసిపెట్టే పెడల్ పేరు ట్రెమోలో. సౌండ్‌ని ఒక లయలో పెంచుతూ, తగ్గిస్తూ ఉంటుంది. శ్రుతి మారదు, వాల్యూమ్ మాత్రమే ఊగుతుంది.

ఇంత చిన్న పని చేసే డబ్బాని ఎంచుకోవడంలో కూడా ఒకడు ఎంత ఘోరంగా తప్పు చేయగలడో చెప్పడానికే ఇది రాస్తున్నా. గిటార్ రానివాళ్లు కూడా చదవండి, మధ్యలో ఫస్ట్ ఇయర్ బేసిక్ ఎలక్ట్రికల్ వస్తుంది.

ముందు పేరు గోల. శ్రుతి ఊగితే వైబ్రాటో, వాల్యూమ్ ఊగితే ట్రెమోలో. కానీ ఫెండర్ కంపెనీ 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్ తెచ్చినప్పుడు, శ్రుతిని వంచే ఇనప కడ్డీకి ట్రెమోలో అని పేరు పెట్టింది. తర్వాత తన యాంప్‌లలో వాల్యూమ్‌ని ఊపే సర్క్యూట్‌కేమో వైబ్రాటో అంది. సరిగ్గా రివర్స్! మాండలిన్ వాళ్లనడిగితే ఇంకో అర్థం చెబుతారు: ఒకే స్వరాన్ని వేగంగా పైకీ కిందకీ మీటడం. కాబట్టి షాపులో ట్రెమోలో అని అడిగితే ఏ మూడింట్లో ఏది చూపిస్తారో చెప్పలేం. మీక్కావాల్సింది పెడల్ అని గట్టిగా చెప్పండి.

ఇక నా కథ. ట్యూషన్లు చెప్పి దాచుకున్న 4,200 రూపాయలతో సెకండ్‌హ్యాండ్ పెడల్ ఒకటి కొన్నా. కంపెనీ పేరు వద్దులెండి. ఎనిమిది రకాల వేవ్‌లు, ట్యాప్ టెంపో, రంగురంగుల లైట్లు. "ఆప్షన్లు ఎక్కువున్నదే తీసుకో, తర్వాత పనికొస్తాయి" అని ఒక సీనియర్ సలహా. రూములో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే స్వర్గం. కాలేజీ ఫెస్ట్‌లో మా బ్యాండ్‌కి రెండు పాటలిచ్చారు. రెండో పాట మొదలు నాది: నాలుగు బార్లు ఒంటరి గిటార్, ట్రెమోలో ఆన్. జనం ఈలలు వేశారు కూడా. ఐదో బార్‌లో డ్రమ్స్, బాస్ వచ్చాయి. అంతే, నా గిటార్ మాయం. చేతులు ఆడుతున్నాయి, లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి, నాకే వినపడట్లేదు. దిగాక మా రూమ్మేట్ మొదటి ప్రశ్న: "మామా, మధ్యలో వాయించడం ఆపేశావేంట్రా?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరు నెలలు ప్రాక్టీస్ చేసిన పాట అది. ముందు సౌండ్ ఇంజనీర్ని తిట్టుకున్నా. తర్వాత నోట్‌బుక్ తీసి లెక్క వేశా.

డెప్త్ పూర్తిగా పెడితే, సైన్ వేవ్‌లో సౌండ్ సున్నా నుంచి ఒకటి దాకా వెళ్లి మళ్లీ సున్నాకి వస్తుంది. ఒకటిని ఎప్పుడూ దాటదు. అంటే పెడల్ మన సౌండ్‌కి ఏమీ కలపట్లేదు, కోస్తోంది అంతే. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆర్‌ఎంఎస్ ఫార్ములా పెడితే మిగిలే సగటు పవర్ 37.5 శాతం. దాదాపు 4.3 డెసిబెల్స్ పోయినట్టు. తమాషా ఏంటంటే, వినడానికి కర్కశంగా ఉండే స్క్వేర్ వేవ్‌లో పోయేది 3 డెసిబెల్సే, ఎందుకంటే అది సగం టైమ్ పూర్తిగా ఆన్‌లో ఉంటుంది. ఒంటరిగా వాయిస్తున్నప్పుడు ఈ తేడా చెవికి పెద్దగా తెలియదు. పక్కన డ్రమ్మర్ కూర్చున్నాకే తెలుస్తుంది.

అందుకే నా వాదన ఇది: పెడల్‌కి ఎన్ని వేవ్‌లున్నాయని కాదు, పోయిన సౌండ్‌ని తిరిగి పెంచుకునే లెవెల్ నాబ్ ఉందా అని ముందు చూడండి. కొన్నిటి మీద దీన్నే వాల్యూమ్ అనో గెయిన్ అనో రాస్తారు. ఎంతోమంది వాడే బాస్ కంపెనీ టీఆర్-2 మీద మూడే నాబ్‌లు: రేట్, వేవ్, డెప్త్. ఆన్ చేస్తే వాల్యూమ్ పడిపోయినట్టుందని దాన్ని విప్పి లోపల మార్చుకునేవాళ్లున్నారు. టంకం పెట్టడం వస్తే ఓకే. నాలాంటి సీఎస్ఈ వాడికి వద్దు.

"ట్యాప్ టెంపో లేకపోతే ఎలా?" అని మా డ్రమ్మర్ వాదిస్తాడు. పాట 120 బీపీఎం అయితే సెకనుకి రెండు బీట్లు, ఎనిమిదో నోట్లకి 4 హెర్ట్జ్ కావాలి, కాలితో తడితే పెడల్ అది పట్టుకుంటుంది, నిజమే. కానీ మనవాడు కోరస్ రాగానే ఉత్సాహంతో స్పీడ్ పెంచేస్తాడు. (చదువుతున్నావని తెలుసు రా.) అప్పుడు కాలితో తట్టిన లెక్క కూడా జారిపోతుంది. ది స్మిత్స్ బ్యాండ్ 1984లో 'హౌ సూన్ ఈజ్ నౌ?' రికార్డ్ చేసినప్పుడు జానీ మార్ గిటార్‌ని యాంప్‌ల ట్రెమోలోతోనే ఊపారు. యాంప్‌లు లయ తప్పినప్పుడల్లా టేప్ ఆపి, సరిచేసి, మళ్లీ మొదలుపెట్టారు. స్టూడియోలో అది కుదిరింది. స్టేజి మీద ఎవరాపుతారు? డెప్త్ సగానికి తగ్గించి సైన్ వేవ్ పెడితే లయ కొంచెం జారినా ఎవరూ పట్టుకోలేరు, పోయే సౌండ్ కూడా 2.3 డెసిబెల్సే. క్లిక్ ట్రాక్‌తో వాయించేవాళ్లకైతే ట్యాప్ తప్పదు, ఒప్పుకుంటా.

ఇంకో విషయం, దీనికి పైసా ఖర్చు లేదు. ట్రెమోలోని డిస్టార్షన్ పెడల్ తర్వాత పెట్టండి. ముందు పెడితే డిస్టార్షన్ ఆ ఊపునంతా నలిపి చదును చేసేస్తుంది. అడాప్టర్ వోల్టేజీ, పోలారిటీ కూడా పెడల్ మీద చూసుకోండి.

అసలు కొనేముందు సొంతంగా రాసుకుని వినొచ్చు కదా అని ఇప్పుడనిపిస్తోంది. 1940లలో డిఆర్మండ్ డబ్బాలో మోటార్ పెట్టి, చిన్న పాత్రలో కరెంటు పారే ద్రవాన్ని కుదిపి ఈ పని చేశారు. 1960ల ఫెండర్ యాంప్‌లలో మిణుకుమనే బల్బు, దాని ఎదురుగా మన ల్యాబ్‌లో ఉండే ఎల్‌డీఆర్ లాంటిదే ఒకటి. మనకి పైథాన్‌లో పది లైన్లు: శాంపిల్‌ని ఒక సైన్‌తో గుణించడమే. గిటార్ రికార్డ్ చేసి, దానికి వేసి, కింద డ్రమ్ ట్రాక్ కలిపి వినండి. నేను ఫెస్ట్ అయ్యాక రాశా, 40 నిమిషాలు పట్టింది. ముందు రాసుంటే 4,200 మిగిలేవి.

ఇప్పుడు నా దగ్గర నాలుగు నాబ్‌ల సాదా పెడల్ ఉంది. రేట్, డెప్త్, వేవ్, లెవెల్. లైట్ ఒక్కటే, ఎరుపు. ఈసారి షాపులో కొనలేదు, ముందు ఒక ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చి, రిహార్సల్‌లో డ్రమ్మర్ పక్కనే నిలబడి చూసి, వాడి దగ్గరే కొన్నా. లెవెల్ సగం దాటి పెట్టాల్సొచ్చింది. ఎనిమిది వేవ్‌ల పెడల్‌ని సెకండ్‌హ్యాండ్ యాప్‌లో అమ్మకానికి పెట్టా. వివరాల్లో నిజాయితీగా "లెవెల్ నాబ్ లేదు" అని రాశా. మూడు వారాలైంది, ఇంకా ఎవరూ మెసేజ్ చేయలేదు.