స్టాప్‌వాచ్ పట్టుకుని చేసిన పాటలు

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనేద్దామనుకుంటున్నారా? రేటు అడిగే ముందు పింక్ ఫ్లాయిడ్ చేసిన రెండు సినిమా పనుల గురించి చదవండి.

ఈ లండన్ రాక్ బ్యాండ్ అనగానే గుర్తొచ్చేది 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. 1988 వరకు చూసుకుంటే అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 741 వారాలుంది. దాని కవర్ మీది పట్టకం బొమ్మ టీషర్టులు మా మారేడ్‌పల్లిలోనూ కనిపిస్తుంటాయి. వేసుకున్నవాళ్లు పాటలు విన్నారా లేదా అన్నది వేరే సంగతి.

అయితే ఆ సౌండ్ ఒక్క రోజులో రాలేదు. మొదట్లో ఎక్కువ పాటలు రాసిన సిడ్ బారెట్ 1968లో బ్యాండ్ వదిలేశాడు. మిగిలిన నలుగురూ దారి వెతుక్కుంటున్నారు. అప్పుడే బార్బే ష్రోడర్ అనే దర్శకుడు తన తొలి సినిమా 'మోర్'కి మ్యూజిక్ అడిగాడు. మామూలు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ కాదు, సీన్‌లో రేడియో మోగితే అందులోంచి వచ్చే పాట కావాలి. అంటే ఒకే బ్యాండ్ నాలుగైదు బ్యాండ్‌లలా వాయించాలన్నమాట! 1969లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో 'ద నైల్ సాంగ్' గొంతు చించుకుంటుంది, 'సింబలైన్' మెల్లగా నడుస్తుంది, మధ్యలో స్పానిష్ గిటార్ ముక్కొకటి. గొప్ప ఆల్బమ్ అని నేననను, కొన్ని ట్రాకులు సాగుతాయి. కానీ అప్పటికి కొత్తవాడైన డేవిడ్ గిల్మర్ లీడ్ సింగర్‌గా కుదురుకున్నది ఇందులోనే.

1972లో ష్రోడర్ మళ్లీ పిలిచాడు, 'లా వాలే' సినిమాకి. రఫ్ కట్ చూసి, స్టాప్‌వాచ్‌తో సీన్ల టైమింగ్ రాసుకుని, ఫ్రాన్స్‌లోని ఓ స్టూడియోలో జపాన్ టూర్‌కు ముందు కొన్ని రోజులు, తర్వాత కొన్ని రోజులు కూర్చున్నారు. మొత్తం సుమారు రెండు వారాల పని. అదే 'అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్'. అంతకు ముందు ఏడాది 23 నిమిషాల 'ఎకోస్' చేసినవాళ్లు, ఇక్కడ పది ట్రాకుల్లో ఒక్కదాన్నీ ఆరు నిమిషాలు దాటనివ్వలేదు. సీన్ ఎంతుంటే పాట అంత. ఆ పొదుపు తర్వాతి ఆల్బమ్‌లో బాగా పనికొచ్చిందని నా లెక్క.

ఇంకో ముచ్చట. ఆంటోనియోని 'జబ్రిస్కీ పాయింట్' కోసం రిక్ రైట్ పియానో మీద చేసిన ఒక ట్యూన్‌ను దర్శకుడు వద్దన్నాడు. దాన్నే దాచుకుని 'అజ్ అండ్ దెమ్' చేశారు. అది 'డార్క్ సైడ్'లోనే ఉంది.

ఇప్పుడు మీ ప్రాజెక్టు సంగతి. "ఇందులో మీరు చేసిందేంటి? ఏది తీసేశారు, ఎందుకు?" అని ఇంటర్వ్యూలో అడిగితే కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే చేతులెత్తేస్తుంది. అదే మీ బాబాయి కిరాణా కొట్టుకో, హాస్టల్ మెస్ లెక్కలకో చిన్న యాప్ చేసిచ్చారనుకోండి. అది నచ్చక "ఇది కాదమ్మా, ఉద్దెర ఖాతా ముందు కనబడాలి" అని వాళ్లు తిప్పి పంపితే, చెప్పడానికి మీ దగ్గర అసలైన విషయం ఉంటుంది. ప్లేస్‌మెంట్ల సీజన్లో టైమెక్కడిది అంటారా? రెండు వారాలు దొరకవా? నచ్చలేదన్న వెర్షన్ మాత్రం డిలీట్ చేయకండి.

కోడింగ్ చేస్తూ వినాలంటే 'అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్'లోని 'చైల్డ్‌హుడ్స్ ఎండ్' పెట్టుకోండి. వెంటనే 'డార్క్ సైడ్'లోని 'టైమ్' వినండి. రెండింట్లో గిల్మర్ గొంతు, గిటార్ గమనించండి, మధ్యలో ఏడాదే తేడా.