కూలిన గుమ్మటం సిలబస్‌లో లేదా?

బి.ఆర్క్‌లో అందరూ తేలిగ్గా తీసుకునే పేపరు ఏదంటే హిస్టరీ ఆఫ్ ఆర్కిటెక్చరే. డిజైన్ సబ్మిషన్ కోసం రాత్రుళ్లు మేలుకుంటాం, సాఫ్ట్‌వేర్ కోసం ఫీజు కట్టి కోచింగ్‌కు వెళ్తాం. గ్రీకు, రోమన్, గోతిక్ మాత్రం పరీక్షకు రెండు రోజుల ముందు! డోరిక్, అయోనిక్, కొరింథియన్ స్తంభాలు మూడు గీసి, నాలుగు తేదీలు బట్టీ కొట్టి బయటపడతాం. నేనూ అలాగే పాసయ్యాను. మొదటి ఇంటర్వ్యూలో దొరికిపోయాను.

నా పోర్ట్‌ఫోలియోలో ఒక ఆడిటోరియం ఉంది, దాని మీద చదునైన పెద్ద గుమ్మటం. ఎదురుగా కూర్చున్న పెద్దాయన దాని మీద వేలు పెట్టి, "ఇది గోడల్ని బయటికి తోస్తుంది కదా బాబూ, ఆ తోపును ఎవరు ఆపుతున్నారు?" అన్నారు. నోరు పెగల్లేదు. తమాషా ఏమిటంటే, ఆ జవాబు నేను చదివి పాసైన పేపర్లోనే ఉంది.

ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియాను 532లో మొదలుపెట్టి 537కల్లా కట్టేశారు. కట్టిన ఆంథేమియస్, ఇసిడోర్ లెక్కల్లో దిట్టలు. అయినా భూకంపాలు వచ్చాక 558లో గుమ్మటం కూలింది. మళ్లీ కట్టిన చిన్న ఇసిడోర్ దాని ఎత్తు సుమారు 6 మీటర్లు పెంచాడు. గుమ్మటం ఎంత చదునుగా ఉంటే గోడల్ని అంత గట్టిగా బయటికి తోస్తుంది. ఎత్తు పెంచితే ఆ తోపు తగ్గుతుంది. నా నోట్సులో '532-537, జస్టీనియన్' అని మాత్రమే ఉంది. కూలిన సంగతి పరీక్షలో అడగరని వదిలేశాను.

రోమ్‌లోని పాంథియన్ కూడా అంతే. 43 మీటర్లకు పైగా వెడల్పున్న కాంక్రీటు గుమ్మటం, లోపల ఇనుప చువ్వ లేదు, సుమారు 1900 ఏళ్లుగా నిలబడి ఉంది. 'అద్భుతం' అని రాస్తే మార్కులు పడతాయేమో. కింద బరువైన రాతి ముక్కలు, పైకి వెళ్లేకొద్దీ తేలికవి, చివరికి ప్యూమిస్ రాయి కలిపారని తెలిస్తేనే మన స్లాబు గురించి ఆలోచన మొదలవుతుంది.

"మనం చర్చిలు కడతామా సార్?" అని అడుగుతారు. కట్టకపోవచ్చు. గేట్ ఆర్కిటెక్చర్ పేపర్లో ప్రపంచ చరిత్ర ఉందన్న మాట పక్కన పెట్టండి. 2019లో పారిస్ నోత్రదామ్ కప్పు కాలిపోయినప్పుడు అక్కరకొచ్చిన వాటిలో ఆండ్రూ టాలన్ లేజర్ స్కాన్లు ఉన్నాయి. ఆయన అమెరికాలో మధ్యయుగ కట్టడాల చరిత్ర చెప్పిన ప్రొఫెసర్. కాలిన ఓక్ దూలాల చోట కొత్తవాటిని పాత పద్ధతిలో గొడ్డళ్లతో చెక్కగల వడ్రంగులను పిలిపించారు. 2024 డిసెంబరులో తలుపులు మళ్లీ తెరిచారు.

తప్పు పిల్లలది మాత్రమే కాదు. 'లక్షణాలు వివరించుము' అనే ప్రశ్న ఉన్నంతకాలం బట్టీనే నడుస్తుంది. ప్రశ్నపత్రం మారేదాకా ఆగక్కర్లేదు. ఒక కట్టడానికి ఒక షీటు పెట్టుకోండి. సెక్షన్ గీసి, బరువు ఎటు దిగుతోందో ఎర్ర పెన్నుతో బాణాలు వేయండి. ముందుగా ఫ్రాన్స్‌లోని బోవే చర్చి తీసుకోండి. సుమారు 48 మీటర్ల ఎత్తున్న దాని కప్పు 1284లో కూలింది. తిరిగి కట్టినప్పుడు పాత స్తంభాల మధ్య కొత్తవి నిలబెట్టారు. ఎందుకో మీ బాణాలను అడగండి.