ఒక్క సున్నాతో పదకొండేళ్ల తేడా!

ప్రశ్న: మాది చర్ల మండలం. మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది. మిర్చి డబ్బులతో కంప్యూటర్ కొనిస్తే ఊళ్లోనే డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల పని పెట్టుకుంటానంటోంది. షాపులో ‘హెచ్61 బోర్డు, ఐ5 ప్రాసెసర్’ అని తక్కువ ధరకి ఇస్తామన్నారు. తెలిసినాయన మాత్రం హెచ్610 తీసుకోమంటున్నాడు. రెండూ ఒకటేనా?
- ఓ పాఠకుడు

జవాబు: కావండీ. పేరులో ఒక్క సున్నాయే తేడా. కానీ హెచ్61 వచ్చింది 2011లో, హెచ్610 వచ్చింది 2022లో. షాపాయన ‘కొత్త బోర్డే’ అంటే అది అబద్ధం కాకపోవచ్చు. ఆ పాత చిప్‌సెట్‌తో బోర్డులు ఇప్పటికీ తయారై వస్తున్నాయి. అయితే దాని మీద కూర్చునేది ఇంటెల్ రెండో, మూడో తరం ప్రాసెసరే. అంటే ఎక్కడో ఒకచోట వాడి తీసిందే.

‘ఐ5 కదా’ అని మురిసిపోకండి. పక్కనున్న అంకె చూడండి. ఐ5-3470 అంటే మూడో తరం, 2012 నాటిది. ఐ3-12100 అంటే పన్నెండో తరం. పేరుకి ఐ3 అయినా ఆ పాత ఐ5 కంటే చాలా వేగం.

అసలు చిక్కు వేగం కాదు. మూడో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసిపోయింది. మీ అమ్మాయి దగ్గరికి ఊరివాళ్లు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని వస్తారు. కాపలా లేని కంప్యూటర్లో అవి ఎక్కించడం మంచిది కాదు. చదువుకోవడానికే అయితే లైనక్స్ వేసుకోవచ్చు. కానీ డీటీపీకి వాడే అను ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌ది విండోస్ దారి.

కాబట్టి హెచ్610 బోర్డు, ఐ3-12100 తీసుకోండి. చివర ‘ఎఫ్’ ఉన్నది వద్దు. దానికి సొంతంగా గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనాలి. ఏఎండీలో అయితే ఏ520 బోర్డు, రైజెన్ 5 5600జీ సరిపోతాయి. ఇక్కడ మాత్రం ‘జీ’ ఉండాల్సిందే.

బోర్డు డీడీఆర్4దా, డీడీఆర్5దా అడగండి. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి పట్టదు. రెండు స్లాట్లుంటే 8 జీబీ ఒకటే వేయించి, రెండోది తర్వాతకి ఖాళీగా ఉంచండి. ఎస్‌ఎస్‌డీకి ఎం.2 స్లాట్ ఉందో లేదో చూడండి.

మీకు భద్రాచలమే యాభై కిలోమీటర్లు దాటుతుంది. అక్కణ్నుంచి ఖమ్మం ఇంకో వంద పైనే. గోదావరి పొంగితే దారులే బందవుతాయి. రిపేరుకి పదేపదే తిరగడం కుదిరే పని కాదు. అందుకే పేరున్న కంపెనీ బోర్డే కొనండి. సాధారణంగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. పిడుగుపాటుకి కాలితే వారంటీ వర్తించదు. ఉరుములు మొదలుకాకముందే ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకేయాలి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ముందే చూపించుకోండి.

డబ్బులిచ్చే ముందు షాపులోనే కంప్యూటర్ ఆన్ చేయించండి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ నొక్కితే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఆ రోజు అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి. రేపు దాని ముందు కూర్చునేది తనే కదా!