పునాది ఎల్‌కేజీలో కాదు, ఉగ్గుగిన్నెలో పడుతుంది



బడి పత్రికలో ఉగ్గు గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. యాడికిలో మన దగ్గర చదివే పిల్లల్లో చాలామందికి ఇంట్లో చంటి తమ్ముడో చెల్లెలో ఉంటారు. మూడు, నాలుగేళ్లలో వాళ్లూ బడికి వస్తారు. ఫీజు, యూనిఫాం, డిజిటల్ తరగతుల గురించి మీరు అడిగే ప్రశ్నలు న్యాయమైనవే. కానీ బిడ్డ మెదడు అన్నిటికంటే వేగంగా ఎదిగేది మొదటి రెండేళ్లలో. అప్పుడు ఒంటికి ఇనుము చాలకపోతే ఆ ప్రభావం తర్వాత ఏకాగ్రత మీద, నేర్చుకునే శక్తి మీద పడవచ్చు. ఆ లోటును ఏ ట్యూషనూ పూడ్చలేదు.

ఈ లోటు చిన్నది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశం మొత్తం మీద 6–23 నెలల పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది 11 శాతం మందికే. ఇది లేనివాళ్ల సమస్య మాత్రమే అనుకోవద్దు. కలిగిన ఇళ్లలోనూ ఉంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మగబిడ్డకు సరి నెలలో, ఆడబిడ్డకు బేసి నెలలో అన్నప్రాశన చేసే ఆనవాయితీ ఉంది. అందువల్ల కొన్ని ఇళ్లలో ఆడపిల్లకు ఐదో నెలలోనే ఉగ్గు మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇద్దరికీ ఒకటే మాట చెబుతోంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే. నిండగానే ఆలస్యం చేయకుండా మెత్తని తిండి. దాంతోపాటు రెండేళ్లు, వీలైతే ఆపైన కూడా తల్లిపాలు. వేడుక మీ ముహూర్తానికి చేసుకోండి. రోజూ తినిపించడం మాత్రం ఆరు నెలలు నిండాకే.

డబ్బా తిండి సంగతి

2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. మన దేశంలో అమ్మే సెరెలాక్ రకాల్లో ఒక పూట మోతాదుకు సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలుపుతున్నారని, స్విట్జర్లాండ్‌లో అమ్మే వాటిలో కలపడం లేదని అందులో చెప్పింది. ఆ తర్వాత ఆ కంపెనీ శుద్ధి చేసిన చక్కెర లేని రకాలను కూడా తెచ్చింది. ఈ డబ్బాల్లో ఇనుము కలిపి ఉంటుందన్నది నిజమే. ప్రయాణంలో, అత్యవసరంలో పనికొస్తాయి కూడా. అయితే రోజూ తీపికి అలవాటుపడిన నాలుక రేపు ఆకుకూరను ఒప్పుకోవడం కష్టం. కొనేటప్పుడు డబ్బా ముందున్న బొమ్మను కాదు, వెనకున్న పదార్థాల వరుసను చదవండి.

ఇంటిదైతే చాలా?

అసలు మాట ఇది. ఇంట్లో చేసినంత మాత్రాన మంచిదైపోదు. పలుచని రాగి జావ, పప్పుకట్టు, చారన్నం బిడ్డ కడుపు నింపుతాయి గానీ బలం ఇవ్వవు. పసివాళ్ల పొట్ట చిన్నది. అందులో నీళ్లు నింపితే తిండికి చోటుండదు. గరిట వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉగ్గు ఉండాలి. 6–8 నెలల్లో రోజుకు రెండు మూడు సార్లు, ఆ తర్వాత మూడు నాలుగు సార్లు పెట్టాలి.

టీలో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు ఇంకా చెడ్డది. టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఉప్పు, చక్కెర కలపనక్కర్లేదు. ఏడాది నిండేదాకా తేనె వద్దే వద్దు.

మన ఊళ్లో దొరికేవే చాలు

వానను నమ్ముకోలేని ఈ నేలలో రాగి, కొర్ర, సజ్జ మన పెద్దల తిండి. బుడ్డల పంట వాటి చేలను ఆక్రమించినా, అంగళ్లలో ఇంకా దొరుకుతాయి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో పదో పరకో. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, సన్నసెగన వేయించి పిండి పట్టించండి. మొలకెత్తిన పిండితో ఉగ్గు జిగురుకట్టదు కాబట్టి ఎక్కువ పిండి వేయవచ్చు. ఒంటికి ఇనుము కూడా మెరుగ్గా పడుతుంది. మూడు పాళ్ల ధాన్యానికి ఒక పాలు పెసరపప్పు కలపండి. దించాక ఒక చెంచా నెయ్యి గానీ నూనె గానీ వేయండి. మునగాకు మెత్తగా ఉడికించి కలపండి. మీ ఇంట్లో తింటే గుడ్డు మానొద్దు. జామపండు మెత్తగా చిదిమి, గింజలు తీసి పెట్టినా ఇనుము ఒంటబడుతుంది.

బుడ్డలంటే ఎలర్జీ వస్తుందని భయపడేవారున్నారు. లండన్‌లో జరిగి 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, ఎలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లల్లో చిన్నప్పటినుంచే వేరుశనగ తిన్నవారికి ఆ ఎలర్జీ దాదాపు 80 శాతం తక్కువగా వచ్చింది. అయితే గింజ గింజగా ఎప్పుడూ పెట్టకండి, గొంతుకు అడ్డం పడుతుంది. వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూరి ఉగ్గులో కలపండి. ఒంటిమీద గజ్జిలాంటి దద్దుర్లు ఎక్కువున్న బిడ్డకైతే ముందు డాక్టరును అడగండి. ముడతలు పడ్డ, బూజు పట్టిన, రంగు మారిన గింజలను ఏరి పారేయండి. పంట చివర్లో బెట్టకు గురైన కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే అవకాశం ఎక్కువ. వేయించినా అది పూర్తిగా పోదు.

నీళ్ల సంగతీ చూడండి. మన జిల్లాలో చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. ఉగ్గుకు శుద్ధిచేసిన తాగునీళ్లనే వాడి, వాటిని మరిగించండి.

ఎవరు చేయాలి?

"అమ్మ చూసుకుంటుందిలే" అనడం తేలిక. ఆ అమ్మ మగ్గం మీదో, ఆఫీసులోనో, మన బడిలోనే టీచరుగానో ఉండవచ్చు. రాగులు ఎండబెట్టి మిల్లుకు తీసుకెళ్లడం నాన్న చేయగల పని. బుడ్డలు ఏరడంలో అవ్వను మించినవారు లేరు. ఆదివారం ఒక గంట కేటాయిస్తే వారానికి సరిపడా పిండి సీసాలో ఉంటుంది. మన బడికి వచ్చే పెద్దపిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మూడు పాళ్లకు ఒక పాలు కొలవడం ఆమెకు నిష్పత్తుల పాఠం కూడా.

పిల్లల చదువు మీద మీరు పెట్టే ప్రతి రూపాయీ నిలవాలంటే, అది నిలిచే ఒళ్లు ముందు కావాలి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.