దొంగ పిలుపులు

మొన్న ఒక సోదరి మాకు ఉత్తరము వ్రాసినది. పోలీసులమని చెప్పి యెవరో ఆమెను మూడు గంటలు ఫోనులో బెదరించి, కూతురి పెండ్లికై దాచిన సొమ్మును హరించిరట. "తెరపై మన దేశపు నంబరే కనబడినది. నెలనెల రుసుము గైకొను కంపెనీవారు దీని నేల యాపరు?" అని ఆమె ప్రశ్న.

న్యాయమైన ప్రశ్నయే. కవరుపై పంపువారి పేరు వ్రాయునది పంపువారే గదా. తపాలా బంట్రోతు దానిని విచారింపడు. ఫోను పిలుపును అట్టిదే. ఒక కంపెనీ మరొకదానికి పిలుపు నందించునపుడు నంబరును గూడ తానే చెప్పి యప్పగించును. ఈ పద్ధతి 1970 దశకమున పుట్టినది. నాడు టెలిఫోను సంస్థలు కొలదిగా నుండి, యొండొరుల నమ్మెడివి. ఆ నమ్మికయే నేడు దొంగలకు దారియైనది.

విదేశమునుండి వచ్చుచు మన దేశపు నంబరును చూపు పిలుపులను ఆపుటకు ప్రభుత్వము 2024 అక్టోబరులో ఒక యేర్పాటు చేయగా, మొదటి 24 గంటలలోనే 1.35 కోట్ల పిలుపులు పట్టుబడెను. దొంగలు ఊరకుందురా? పరుల పేర తీసిన సిమ్ముకార్డులను ఒక పెట్టెలో పెక్కింటి నమర్చి, ఇంటర్నెటుపై వచ్చిన పిలుపును వానిద్వారా పంపుచున్నారు. అపుడు నంబరు నిజమైనదే; కంపెనీ దేనిని తప్పు పట్టవలెను? మన మాటలు వినుటకు వారికి చట్ట మొప్పదు. ఒప్పవలెనని మేమును కోరము. అయినను, కొనువారెవరో సరిగా చూడక సిమ్ముల నమ్ము అంగడివారి యశ్రద్ధను మాత్రము మేము క్షమింపజాలము.

ఆ సోదరికి మేమిట్లు వ్రాసితిమి: ఫోనులో అరెస్టు చేయుట మన చట్టమున లేదు. సొమ్ము పోయిన వెంటనే 1930కి ఫోను చేసినచో, అది చేతులు మారకముందే బ్యాంకులో నిలుపు నవకాశము కలదు. ఆమె మరునాటి సాయంకాలము వరకు ఇంటివారికి చెప్పుటకే సిగ్గుపడినదట.