మదురైకి మొదటిసారి వచ్చే మనవాళ్ళకు

ఆంధ్రా నుండి మదురై చూడవచ్చే మనవాళ్ళకు మేము చెప్పేది ఒకటే. పొద్దున రైలు దిగి, దర్శనం చేసి, మధ్యాహ్నమే రామేశ్వరం పరుగెత్తకండి. ఒక రాత్రి ఉండండి. స్టేషను నుండి గుడి నడిచేంత దూరమే. మధ్యాహ్నం గుడి మూస్తారు, సెల్‌ఫోను లోపలికి విడవరు. రాత్రి స్వామి పల్లకిలో అమ్మవారి సన్నిధికి పోయేది చూడకుండా మదురై చూసినట్టు కాదు.

1636లో కట్టిన తిరుమల నాయకుని మహలు చూసి, మనవాడు కట్టించాడని గర్వపడతారు. సంతోషం. అయితే ఈ ఊళ్ళో ఇంకా తెలుగు మాట్లాడే ఇళ్ళున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మేము పెరిగింది అట్లా. మా మాట విని నవ్వకండి. రాళ్ళకు దండం పెట్టి, నాలుక మీద మిగిలిన తెలుగును ఎగతాళి చేస్తే ఎట్లా? దోవ అడిగేటప్పుడు ఒకసారి తెలుగులోనే అడిగి చూడండి.