చక్రాల మీద ఇల్లు

బాలలూ! పూర్వం మన పెద్దలు దూరప్రయాణానికి గూడుబండి కట్టించేవారు. బియ్యం, పచ్చళ్ళు, దుప్పట్లు, లాంతరు అన్నీ బండిలోనే. చీకటిపడితే చెరువుగట్టున ఎద్దులను విప్పి, అక్కడే వండుకు తిని పడుకునేవారు. అమెరికాలో ఇటువంటి బండి ఇప్పటికీ ఉన్నది. అయితే దాన్ని లాగేది ఎద్దులు కాదు, కారు. ఆ బండిని ట్రెయిలరు అంటారు. అందులో పడకలు, పొయ్యి, నీళ్ళ కుళాయి కూడా ఉంటాయి.

మీరు అటువంటి ట్రెయిలరులో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీకి బయలుదేరారనుకోండి. ఆ మాటకు మృత్యులోయ అని అర్థం. వేసవిలో అక్కడ 50 డిగ్రీలు దాటే రోజులున్నాయి. దారి తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. దారి చూపే పటం ఇంటర్నెట్టులో ఉన్నది. దాన్ని తెచ్చి కాగితం మీద అచ్చువేయాలి. ఎలాగో చూద్దాం.

మొదటి దారి సెల్ టవరు. కాని ట్రెయిలరు గోడలు అల్యూమినియం రేకువైతే, లోపల కూర్చున్న ఫోనుకు టవరు మాట సరిగా వినిపించదు. ఎందుకో తెలుసా? లోహపు రేకు రేడియో తరంగాలను అడ్డుతుంది. 1836లో మైకేల్ ఫారడే అనే శాస్త్రజ్ఞుడు లోహపు రేకు అంటించిన గది కట్టి, బయటి విద్యుత్తు లోపలికి రాదని రుజువు చేశాడు. అందుకే ట్రెయిలరు వాళ్ళు కప్పు మీద ఏంటెన్నా పెట్టి, తీగతో లోపలికి తెచ్చుకుంటారు.

టవరే లేని చోట ఏం చేయాలి? ఆకాశాన్ని అడగాలి! భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున కొన్ని ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. భూమితోపాటే తిరుగుతాయి కనుక కదలనట్టే కనిపిస్తాయి. అయితే మన ప్రశ్న పైకి వెళ్ళి కిందికి దిగాలి, జవాబూ అలాగే రావాలి. మొత్తం 1,44,000 కిలోమీటర్లు! సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయే రేడియో తరంగానికి కూడా దాదాపు అర సెకను పడుతుంది. 2019 నుంచి స్టార్‌లింక్ ఉపగ్రహాలను వేల సంఖ్యలో, సుమారు 550 కిలోమీటర్ల ఎత్తుకే పంపుతూ వచ్చారు. దూరం తగ్గింది కనుక ఆలస్యమూ తగ్గింది. కాని దగ్గరి ఉపగ్రహం గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. ఒకటి దిగంతం కిందికి పోయేలోగా మరొకటి రావాలి. అందుకే అన్ని కావలసి వచ్చాయి.

ఇక్కడొక చిక్కున్నది. చెట్టు నీడన బండి ఆపితే చల్లగా ఉంటుంది గాని, ఆకులు ఆకాశాన్ని మూసేస్తాయి. బయలులో ఆపితే ఇంటర్నెట్టు వస్తుంది గాని, ఎండ మాడ్చేస్తుంది. తెలివైనవాళ్ళు బండిని నీడన ఆపి, పొడుగాటి తీగతో పళ్ళెం వంటి ఏంటెన్నాను బయలులో పెడతారు.

సరే, పటం వచ్చింది. ఇక అచ్చువేయాలి. ట్రెయిలరులో ఉండేది 12 వోల్టుల బేటరీ. దాని కరెంటును ఇన్వర్టరు ఇంటి కరెంటులా మారుస్తుంది. లేజరు ప్రింటరు పొడిసిరాను కాగితం మీద కరిగించి అంటిస్తుంది. అందుకు సుమారు 200 డిగ్రీల వేడి కావాలి. ఆ క్షణంలో అది వందల వాట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టరు తట్టుకోలేక ఆగిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటరు సన్నని సిరాచుక్కలు చల్లుతుంది, వేడి పెద్దగా అక్కరలేదు. అందుకే కొద్ది వాట్లతో పని జరిగిపోతుంది. కాని చాలా రోజులు వాడకపోతే సిరా ఎండి రంధ్రాలు మూసుకుంటాయి. ఇక మూడో రకం మీకు తెలిసినదే. బస్సు కండక్టరు యంత్రం నుంచి చింపి ఇచ్చే టిక్కెట్టు చూశారుగా? దానికి సిరాయే లేదు! వేడి తగిలిన చోట ఆ కాగితం నల్లబడుతుంది. కాని ఎండలో ఉంచితే అక్షరాలు చెరిగిపోతాయి. కనుక ఎడారిలో పటానికి అది పనికిరాదు. మన ప్రయాణానికి ఇంక్‌జెట్టే మేలు.

ఒక సంగతి చాలామంది పొరబడతారు. వైఫై, ఇంటర్నెట్టు ఒకటే అనుకుంటారు. కాదు! వైఫై ఇంట్లోవాళ్ళు మాట్లాడుకునే మాట. ఇంటర్నెట్టు ఊళ్ళవతలికి రాసే ఉత్తరం. వంటింట్లోని అమ్మను పిలవడానికి తపాలా బంట్రోతు కావాలా? అలాగే, పటం ఒకసారి కంప్యూటరులోకి దిగాక ఇంటర్నెట్టు పోయినా, ట్రెయిలరులోని వైఫైతోనో తీగతోనో అచ్చువేయవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు, ఫోనులో చూసుకోవచ్చు కదా అంటారేమో! డెత్ వ్యాలీలో చాలాచోట్ల ఫోను పలకదు. అక్కడ ఫోను చూపే దారిని మాత్రమే నమ్ముకోవద్దని ఆ పార్కు అధికారులే హెచ్చరిస్తారు. కాగితానికి బేటరీ అక్కరలేదు, టవరు అక్కరలేదు. కనుక టవరు అందే ఊళ్ళో ఉండగానే రెండు ప్రతులు తీయాలి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండోది వెళ్ళే దారి, తిరిగివచ్చే వేళ రాసి, తెలిసినవారికి ఇవ్వాలి. చెప్పిన వేళకు మీరు రాకపోతే, ఎక్కడ వెతకాలో వారికి తెలుస్తుంది.

ఇప్పుడు మీరొక ప్రయోగం చేయండి. పెద్దల్ని అడిగి ఒక ఫోనును వంటింటి అల్యూమినియం రేకులో సందు లేకుండా నాలుగైదు పొరలు చుట్టండి. మరొక ఫోనుతో దానికి ఫోను చేయండి. మోగకపోతే ఫారడేగారు గెలిచినట్టే! మోగిందా, సందు ఎక్కడున్నదో వెతకండి.